నీడపట్టున మే పువ్వు: ఏ కాలమున ఎంత నీరు?

పంచాయతీ కార్యాలయము ముందు వేపచెట్టు క్రింద, పాఠశాల ఆవరణలో కానుగ నీడన ఏ పూలమొక్క నాటినను నిలుచుట లేదని సభ్యులు తరచు చెప్పుచుందురు. అది నిజమే. మందారమునకు ఎండ కావలెను. బంతికి, చామంతికి అంతకంటెను ఎక్కువగా కావలెను. కాని అట్టి నీడలోనే సుఖముగా పెరిగి, మండు వేసవిలో ఎర్రని బంతివంటి పూగుత్తి నెత్తు దుంపజాతి మొక్క ఒకటి కలదు. దానినే మే పువ్వు అనియు, ఫుట్‌బాల్ లిల్లీ అనియు పిలుతురు. (మే పువ్వు అనగానే కొందరికి తురాయి చెట్టు స్ఫురించును, ఇది వేరు.) శాస్త్రజ్ఞులు దీనికిచ్చిన పేరు స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్. లిల్లీ యనుట వాడుకమాట మాత్రమే. కుటుంబమునుబట్టి చూచిన ఇది అమరిల్లిస్ వర్గములోనిది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో ఈ దుంపలను వరుసగా ఒక మడిలో నాటించిరి. మొదటి వేసవిలో చక్కగా పూచినవి. రెండవ యేట ఒక్క మొగ్గయు రాలేదు. త్రవ్వి చూడగా దుంపలన్నియు మెత్తబడి దుర్వాసన కొట్టుచున్నవి. నీరు పోయు మనిషి సరిగా పనిచేయలేదని సభలో అతనిని మందలించిరి. విచారింపగా తేలిన సంగతి వేరు. అతడు మాఘ ఫాల్గుణములలో కూడ ఒక్కపూట తప్పక, దూరపు బోరు నుండి బిందెలతో మోసి నీరు పోసినాడు. ఆ శ్రద్ధయే దుంపలను కుళ్లించినది. తప్పు అతనిది కాదు. ఈ మొక్కకు ఎప్పుడు నీరు మానవలెనో అతనికి చెప్పినవారు లేరు.

ఈ మొక్క జన్మస్థానము ఆఫ్రికా ఖండము. సెనెగల్ నుండి సోమాలియా వరకు, దక్షిణమున దక్షిణాఫ్రికా వరకు అడవుల నీడలలో, వాగుల గట్లపై ఇది సహజముగా పెరుగును. అక్కడ వానకాలమొకటి, దీర్ఘమైన ఎండుకాలమొకటి. వానలు వచ్చునప్పుడు పూచి, ఆకు వేసి, ఆహారము కూడబెట్టుకొని, ఎండుకాలమంతయు భూమిలో నిద్రించుట దాని స్వభావము. మన దేశమునకు వచ్చినను ఆ అలవాటు మానలేదు. కనుక దీనికి నీరు పెట్టువారు ఎండను చూడరాదు, ఆకును చూడవలెను. ఆకున్నంతకాలము నీరు కావలెను. ఆకు లేనప్పుడు అక్కరలేదు. వేసవి ముదిరినకొలది నీరు పెంచుట మనకు అలవాటైన పద్ధతి. ఇక్కడ ఆ పద్ధతి చెల్లదు.

ఏప్రిల్ చివరనో మే నెలలోనో నేలను చీల్చుకొని మొగ్గ కనబడును. తరచు అప్పటికి ఆకు ఉండదు. దుంపలో దాచుకొన్న ఆహారముతోనే మొగ్గ పైకి వచ్చును గనుక, అప్పుడప్పుడు మన్ను తడియునంత నీరు చాలును. ఒక్కొక్క గుత్తిలో పదుల సంఖ్యలో, బాగుగా బలిసిన దుంపకైతే రెండువందల వరకు చిన్నపూలు విచ్చును. వారము పదిదినములు ఆ శోభ నిలుచును. పువ్వు వాడగానే చాలమంది మొక్కను మరచిపోవుదురు. అసలు పని అప్పుడే మొదలగును.

జూన్‌లో నైరుతి వానలతోపాటు వెడల్పైన ఆకులు విచ్చుకొనును. వచ్చే యేటి పువ్వుకు కావలసిన బలమంతయు దుంప ఈ ఆకుల వలననే సంపాదించుకొనవలెను. వానకాలమే గదా యని నీటి మాట తలపెట్టకుండుట పొరపాటు. శ్రావణ భాద్రపదములలో వాన వెనుకపట్టిన రోజులు మనకు కొత్తవి కావు. పైగా దట్టమైన చెట్టు క్రింద చిన్నజల్లు నేలకు చేరదు. కొమ్మలే దానిని పట్టుకొనును. చెట్టు వేళ్లు సైతము తేమను లాగివేయును. కావున వాన పడినదని నమ్మక, వ్రేలు రెండు కణుపుల లోతునకు మంటిలో గ్రుచ్చి చూడవలెను. పొడిగా నున్నచో నిండుగా తడుపవలెను. చల్లగా తేమ తగిలినచో ఆ దినము మానవలెను. ఎండుటాకులు మడిపై పలుచగా పరచినచో తేమ త్వరగా ఆరదు. దుంప మెడను మాత్రము ఆకులతో కప్పరాదు.

అక్టోబరు దాటిన పిమ్మట నీటి వ్యవధి పెంచుచు పోవలెను. ఆకులు పసుపుబారగానే మొక్క చచ్చినదని భయపడి నీరు గ్రుమ్మరించువారు కలరు. అది చావు కాదు, నిద్రకు పోవుట. ఆకులు వాటంతట అవి ఎండువరకు కోయరాదు. తరువాత మరల మొగ్గ కనబడు వరకు నీరు పూర్తిగా మానవలెను. బోర్లు ఎండి త్రాగునీటికే కటకటపడు నెలలలో ఈ మొక్క బిందెడు నీరైనను అడుగదన్న సంగతి పంచాయతీవారు గుర్తింపదగినది.

అన్ని జిల్లాలకు ఒకే లెక్క పనికిరాదు. నెల్లూరు ప్రాంతమున సంవత్సరపు వానలో సగమునకు పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే, అనగా ఆకు వాడు సమయముననే, కురియును. అక్కడ మడిని జానెడు ఎత్తుచేసి ఇసుక కలిపిననే దుంప దక్కును. అనంతపురము వంటి చోట, సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును గనుక, ఆకు కాలములో చేతితో నీరు పోయుట తప్పదు.

వీధి కుళాయి వద్ద వృథాపోవు నీటిని కాలువచేసి మొక్కలకు మళ్లించుట మంచి పద్ధతియే. అరటికి, కొబ్బరికి అది ఎంతో మేలు. ఈ మడికి మాత్రము ఆ కాలువ రానీయరాదు. ఏడాది పొడుగున ఆరని నేల దీనికి ప్రాణాంతకము.

ఇంకొక హెచ్చరిక. దీని దుంపలో విషమున్నది. ఆఫ్రికాలో కొన్నిచోట్ల దీనిని బాణములకు పూయు విషములో కలిపెడివారు. తవ్వితీసిన దుంపలు ఉల్లిగడ్డలను పోలియుండును గనుక వాటిని వంటశాల దరిదాపుల నుంచరాదు. ముట్టినవారు చేతులు కడుగుకొనవలెను. పువ్వు రాలిన పిదప ఎర్రని పండ్లు కాయవచ్చును. పాఠశాలలో నాటునపుడు ఉపాధ్యాయులకు ఈ సంగతి ముందుగా తెలుపవలెను. మేకలు తిరుగు చోట కంచె లేక నాటరాదు.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టము తరువాత తెలంగాణలో గ్రామగ్రామమున నర్సరీలు, 2020 నుండి పల్లె ప్రకృతి వనములు వెలసినవి. వాటిలో చెట్లు పెరిగి నీడ చిక్కబడినకొలది క్రింది నేల ఖాళీగా మిగులును. అట్టి చోట ఈ దుంపలను జానెడు ఎడముగా, మెడ నేలమట్టమున నుండునట్లు నాటవచ్చును. నిద్రకాలములో పైకి ఏమియు కనబడదు గనుక, ఖాళీ స్థలమనుకొని ఎవరో ఒకరు పారతో త్రవ్వుదురు. మడి నాలుగు మూలల కొయ్యలు పాతి, నీరు మానవలసిన నెలలను పలకపై వ్రాసి, నీరు పోయు మనిషికి చదివి వినిపింపవలెను.