838 ఓట్ల గన్నవరం: ఆ మెజారిటీ 2024లో ఎవరి ఖాతాలో?

2024 మే 13న పోలింగ్ జరిగింది. ఆంధ్రాలో 175 అసెంబ్లీ సీట్లున్నాయి, ఈ రోజు ఒక్క సీటు గురించే మాట్లాడుకుందాం: గన్నవరం.

ముందు మ్యాప్ చూడండి. రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, నున్న... చూడ్డానికి బెజవాడే. కానీ ఇవి విజయవాడ రూరల్ మండలం, ఎమ్మెల్యే ఓటేమో గన్నవరంలో. ఇంకా తమాషా ఏంటంటే మండలం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, గన్నవరం కృష్ణా జిల్లాలో ఉంది, ఎంపీ సీటేమో మచిలీపట్నం. అంటే బెంజ్ సర్కిల్‌లో షాపింగ్ చేసేవాళ్లు బందరు ఎంపీని ఎన్నుకుంటారన్నమాట!

హైవే పొడుగునా అపార్ట్‌మెంట్లు, కాలేజీలు, కేసరపల్లిలో హెచ్‌సీఎల్, ఆ తర్వాత ఎయిర్‌పోర్టు. హైవే దిగి ఉంగుటూరు వైపు వెళ్తే వరి చేలు. ఇక్కడ డ్రైనేజీ గొడవ, అక్కడ కాలువ నీళ్ల గొడవ. రెండు చోట్లా ఒకే స్పీచ్ పనిచేయదు.

ఇక 2019కి వద్దాం. టీడీపీ నుంచి వల్లభనేని వంశీ, వైసీపీ నుంచి యార్లగడ్డ వెంకట్రావు. చెరో లక్షకు పైగా ఓట్లు. వంశీ గెలిచింది 838 ఓట్లతో. నిజానికి రిజల్ట్ తిరగబడటానికి 838 మంది కూడా అక్కర్లేదు. ఒక్కరు మనసు మార్చుకుంటే ఇక్కడ ఒకటి తగ్గి అక్కడ ఒకటి పెరుగుతుంది, తేడా రెండు తగ్గుతుంది. అంటే 420 మంది చాలు. ఎనికేపాడులో నాలుగైదు పెద్ద అపార్ట్‌మెంట్లు అనుకోండి. (పక్కనే విజయవాడ సెంట్రల్‌లో అదే ఏడాది తేడా 25. అక్కడైతే 13 మంది!)

ఇప్పుడు అసలు ట్విస్ట్. 2024లోనూ వాళ్లిద్దరే. కానీ వంశీ వైసీపీ, వెంకట్రావు టీడీపీ. మేం కోడింగ్ మొదట్లో నేర్చుకునే స్వాప్ ప్రోగ్రామ్ లాగా, రెండు వేరియబుల్స్ చోట్లు మారిపోయాయి.

ఓటు కొంత మనిషిని చూసి పడుతుంది, కొంత గుర్తుని చూసి పడుతుంది. 2019 ఓట్లు పూర్తిగా మనిషివే అయితే వంశీ 838 ముందున్నారు. పూర్తిగా గుర్తువే అయితే వెంకట్రావు 838 ముందున్నారు. "మెజారిటీ మాది" అని రెండు క్యాంపులూ చెప్పుకోవచ్చు, అదే సమస్య. నన్నడిగితే పాత లెక్క ఇక్కడ దాదాపు సున్నా. కొత్త లెక్క రెండు చోట్ల ఉండేది. ఒకటి పొత్తు: 2019లో టీడీపీ ఒంటరిగా వెళ్లింది, 2024లో జనసేన, బీజేపీ కలిశాయి. ఆ ఓట్లు ఎంతవరకు బదిలీ అవుతాయన్నది అప్పటి ప్రశ్న. రెండోది మీరు. 2019లో పదమూడేళ్లున్న వాళ్లకి 2024లో ఓటు వచ్చింది.

వచ్చింది అంటే, అప్లై చేస్తేనే వస్తుంది. కొత్త ఓటుకి ఫారం 6, 2024లో ఏప్రిల్ 15 వరకే టైమ్ ఉండింది. ఫోన్‌లో ఓటర్ హెల్ప్‌లైన్ యాప్ ఉంటే అప్పట్లో సరిపోయేది. ఓటు ఉన్నవాళ్లు కూడా లిస్టులో పేరు, బూత్ ఒకసారి చూసుకోండి. ముఖ్యంగా ఇల్లు మారినవాళ్లు.

హైదరాబాద్, బెంగళూరులో ఉన్నవాళ్లకి ఇంకో మాట: 2024 మే 13 సోమవారం. శని, ఆదివారాలు కలిసొచ్చాయి. కౌంటింగ్ జూన్ 4న జరిగింది.