ఫైలుకు వేలిముద్ర

మీ బడి గ్రంథాలయంలో ఒకే పేరుతో మూడు పుస్తకాలున్నాయనుకోండి. పేరు చెబితే పని జరగదు. పుస్తకం మీద అంటించిన నంబరు చెప్పాలి. పేరు మోసం చేయవచ్చు గాని నంబరు మోసం చేయదు.

కంప్యూటరు నుంచి కంప్యూటరుకు నేరుగా ఫైళ్లు పంచుకునేవారికీ ఇదే చిక్కు వచ్చింది. 1999లో అమెరికాలో మొదలైన నాప్‌స్టర్ ఈ పంపకాన్ని లోకానికి పరిచయం చేసింది. పాటల హక్కుదారులు దావా వేయగా 2001లో అది మూతపడింది. అది కాపీరైటు తగాదా, అంటే పాట మీద హక్కు. నేను చెప్పబోయేది పేటెంటు సంగతి, అంటే పద్ధతి మీద హక్కు. ఈ రెండింటినీ పెద్దవాళ్లు కూడా కలగాపులగం చేస్తుంటారు.

2001లోనే వచ్చిన బిట్‌టొరెంట్‌లో ఒక ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కొక్కరి దగ్గర తెచ్చుకుంటాం. ఇచ్చేవాడెవరో మనకు తెలియదు. వచ్చిన ముక్క అసలుదేనని తెలిసేదెట్లా? కాగితం, పెన్సిలు తీసుకోండి. 2745 అనే సంఖ్యలో ప్రతి అంకెనూ దాని స్థానంతో గుణించి కూడండి: 2×1, 7×2, 4×3, 5×4. మొత్తం 48. ఇప్పుడు చివరి రెండంకెలు తారుమారు చేసి 2754కు లెక్క కట్టండి. 47 వస్తుంది! మార్పు పట్టుబడింది. ఆ 48 మన సంఖ్యకు వేలిముద్ర అన్నమాట. అయితే 4645కు కూడా 48 వస్తుంది, చూసుకోండి. కాబట్టి మన లెక్క చాలా బలహీనమైనది. బిట్‌టొరెంట్ వాడిన ‘షా-1’ అనే లెక్క 160 బిట్ల వేలిముద్ర ఇస్తుంది. సాధ్యమయ్యే వేలిముద్రల సంఖ్య రాయాలంటే 49 అంకెలు కావాలి. (అంత బలమైన దానికీ 2017లో పరిశోధకులు ఒకే వేలిముద్ర గల రెండు వేర్వేరు ఫైళ్లు తయారుచేసి చూపారు.)

ఇక తగాదాకు వద్దాం. వేలిముద్రనే ఫైలుకు పేరుగా వాడి, దానితోనే వెదికి తెచ్చుకునే పద్ధతి తమదని డేవిడ్ ఫార్బర్, రోనాల్డ్ లాక్‌మన్ అనే ఇద్దరు అమెరికాలో దరఖాస్తు చేశారు. 1999 నవంబరులో పేటెంటు వచ్చింది. వేలిముద్ర తీసే గణితం అంతకుముందే ఉంది. వారు అడిగింది దాని వాడకం మీద హక్కు. ఫైళ్లు పంచే ‘కజా’తో సంబంధమున్న ఆల్ట్‌నెట్ అనే కంపెనీ 2004లో ఈ పేటెంటు ఆధారంగా అమెరికా సంగీత కంపెనీల సంఘంపైనే దావా వేసింది. అంతవరకు ముద్దాయిలుగా నిలబడిన పక్షం వాది అయింది! ఆ తర్వాత పర్సనల్‌వెబ్ అనే మరో కంపెనీ ఈ పేటెంటు కుటుంబంతో 2011 నుంచి ఎందరినో కోర్టుకు లాగింది.

దీనివల్ల ఎవరికి నష్టం? పెద్ద కంపెనీకి లాయర్లుంటారు. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాము రాసి ఊరికే పంచిపెట్టే కుర్రవాడి సంగతి ఆలోచించండి. తనంతట తానే ఆ ఉపాయం కనిపెట్టినా సరే, ముందు పేటెంటు పొందినవాడిదే హక్కు. పోనీ ప్రతికి ఇంతని రుసుము కడదామంటే, చేతులు మారి వెళ్లిన ప్రతులెన్నో ఎవరు లెక్కపెడతారు? ఇది ఊహ కాదు. 1998లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ, పాటను ఎంపీ3గా కుదించే ఉచిత ప్రోగ్రాములు రాసేవారికి రుసుము అడుగుతూ లేఖలు పంపింది. కొందరు తమ ప్రోగ్రాములు ఉపసంహరించుకున్నారు. అయితే ఎంపీ3 వెనుక ఏళ్ల తరబడి పరిశోధన ఉంది. వారికి ప్రతిఫలం అక్కరలేదని నేననను. ఫైలుకు నంబరు వేసి వెదకడానికి అంత హక్కు ఇవ్వడమే నాకు మింగుడుపడదు.

2021లో అమెరికా అప్పీలు కోర్టుకూ మింగుడుపడలేదు. పర్సనల్‌వెబ్ వేసిన కేసులో ఆ కుటుంబంలోని మూడు పేటెంట్లను పరిశీలించి, ఇవి మనిషి మనసులో చేసుకోగల పనులే, పేటెంటుకు తగవని తీర్పు చెప్పింది. అప్పటికే వాటి గడువు తీరిపోయింది!

మన దేశంలో? 1970 నాటి పేటెంటు చట్టానికి 2002లో చేసిన సవరణతో గణిత పద్ధతులు, ‘కేవలం’ కంప్యూటరు ప్రోగ్రాములు పేటెంటుకు పనికిరావని 3వ సెక్షనులో చేరింది. 2004 డిసెంబరులో ఒక ఆర్డినెన్సు ఈ తలుపును కొంత తెరవబోగా, 2005లో పార్లమెంటు ఆ భాగాన్ని వదిలేసింది. ‘కేవలం’ అనే ఆ ఒక్క మాటకు అర్థమేమిటన్న వాదం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.