వార్తల్లో పదం: సెక్షన్ 397

అత్యాచార, యాసిడ్ దాడి బాధితులు ఏ ఆసుపత్రికి వచ్చినా, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా ప్రథమ చికిత్స లేదా వైద్యం అందించాలి, పోలీసులకు సమాచారమివ్వాలి. భారతీయ నాగరిక సురక్ష సంహితలోని 397వ సెక్షన్ చెప్పేది ఇదే. 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. నిర్భయ ఘటన తర్వాత 2013లో పాత నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీలో చేర్చిన 357సి సెక్షన్ దీనికి మూలం. వైద్యం నిరాకరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 200 ప్రకారం ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడతాయి.

అండమాన్ నికోబార్ లాంటి చోట ఈ నిబంధన విలువ ఎక్కువ. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీవిజయపురం) 500 కిలోమీటర్లకు పైగా దూరం. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులను అత్యాచారం జరిగిన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఓడ కోసం ఎదురుచూస్తే ఆ గడువు కరిగిపోతుంది. అందుకే దగ్గర్లోని ఆసుపత్రే తొలి వైద్యం చేయాలి.

వైద్య పరీక్షకు బాధితురాలి సమ్మతి తప్పనిసరి. ఆమె పరీక్ష వద్దన్నా చికిత్స ఆపకూడదు. ‘రెండు వేళ్ల పరీక్ష’ చేసేవారిని దుష్ప్రవర్తన కింద దోషులుగా పరిగణించాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న స్పష్టం చేసింది. వైద్యం, న్యాయసాయం, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒకేచోట అందించేందుకు 2015లో ‘సఖి’ వన్ స్టాప్ సెంటర్ల పథకం మొదలైంది. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.