గొంతు బాగున్నప్పుడే దాచుకుందాం

మన తెలుగు సంఘం సంచికకి ఆరోగ్యం మీద ఏదైనా రాసిమ్మని కమిటీ వాళ్లు అడిగారు. షుగరు, బీపీల గురించి రాయబుద్ధి కాలేదు. ఆ విషయంలో మన ఇళ్లలో అందరూ సగం డాక్టర్లే. నేను స్పీచ్ థెరపిస్టుని, మాట తడబడేవాళ్లతోనే నా ఉద్యోగం. వేరే రాష్ట్రంలో ఉండే మా బావగారికి మోటార్ న్యూరాన్ జబ్బు అనుమానం వచ్చాక మా అక్క ఇంట్లో చేజారిపోయింది ఒకటుంది. అది ఇంకో ఇంట్లో జారిపోకూడదని ఇది రాస్తున్నాను.

ఇక్కడ అమెరికాలో దీన్ని ఏఎల్ఎస్ అంటారు. 1939లో బేస్‌బాల్ వీరుడు లూ గెరిగ్‌కి వచ్చాక ఆయన పేరుతోనూ పిలుస్తున్నారు. కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోతాయి. చొక్కా గుండీ పట్టు దొరక్కపోవడం, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఇలా మొదలవుతుంది. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఒక్కటీ లేదు. ఈఎంజీ చేసి, ఎంఆర్ఐ తీసి, ఇలాగే కనిపించే మిగతా జబ్బులన్నీ కావని తేల్చి, అప్పుడు కూడా చాలాసార్లు ‘ప్రాబబుల్’ అనే రాస్తారు. మొదటి లక్షణం కనిపించినప్పటి నుంచి ఖాయమయ్యేదాకా ఏడాది పట్టడం మామూలే.

ఆ ఏడాదిలో మనవాళ్లు చేసే పనులు చాలావరకు మంచివే. మన సంఘం పిక్నిక్‌లో ఏ చెట్టు కింద కూర్చున్నా ఒక డాక్టరు తగులుతారు, సాయంత్రానికల్లా ఒక న్యూరాలజిస్టు ఫోన్ నంబరు చేతికొస్తుంది. ఇంకెవరికుంది ఈ భాగ్యం? రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినా ఇలాగే ఉండొచ్చు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో తగ్గే నరాల జబ్బు ఒకటి దీన్ని అచ్చంగా పోలి ఉంటుంది. పేషెంటు చిన్నవయసువారై, చెవుడు కూడా ఉంటే, ‘మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్’ అనేదొకటి ఉందని ఇక్కడి డాక్టరుకి గుర్తుచేయండి. 1970లో మద్రాసు వైద్యులు వర్ణించిన జబ్బు అది. ఎక్కువగా మన దక్షిణాదివాళ్లలోనే కనిపిస్తుంది, చాలా నెమ్మదిగా ముదురుతుంది.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఏఎల్ఎస్‌కి సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీలో ఐదు నెలల నిరీక్షణను 2020 డిసెంబరు చట్టంతో ఎత్తేశారు. మెడికేర్ కోసం రెండేళ్లు ఆగాల్సిన పని 2001 నుంచే లేదు. కానీ రెండింటికీ ఇక్కడ పనిచేసిన క్రెడిట్లు ఉండాలి. ఆఫీసులో లాంగ్‌టర్మ్ డిసెబిలిటీ ఏముందో కనుక్కోకుండా రాజీనామా ఇవ్వకండి. వీసా ఉద్యోగంతో ముడిపడినవాళ్లు ముందు లాయరుతో మాట్లాడండి.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ జబ్బులో చాలామందికి ఏదో ఒక దశలో మాట అర్థంకాకుండా పోతుంది. మూడు, నాలుగు మందిలో ఒకరికి జబ్బు మొదలయ్యేదే గొంతులో. కళ్లతో అక్షరాలు ఎంచుకుంటే పలికే పరికరాలున్నాయి, మెడికేర్ ఇస్తుంది. ఆ పరికరం మన గొంతుతోనే పలకాలంటే ముందే వాక్యాలు చదివి రికార్డు చేసుకోవాలి. దాన్ని వాయిస్ బ్యాంకింగ్ అంటారు. మా బావగారికి క్లినిక్‌లో ఒక ఇంగ్లీషు వాక్యాల పట్టీ ఇచ్చారు. బుద్ధిగా చదివారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక్కరూ అడగలేదు. తెలుగు సంగతి అక్కకి తట్టేసరికి ఆయన ‘ర’లు, ‘ళ’లు కలిసిపోయాయి. ఇప్పుడాయన ట్యాబ్లెట్ మనవడితో ఆయన గొంతుతోనే ఇంగ్లీషులో జోకులేస్తుంది. తెనాలిలో ఉన్న తల్లి వీడియోలోకి వస్తే మాత్రం కంప్యూటర్ తెలుగే. ‘అమ్మా’ అని ఎవరో వార్తలు చదివినట్టు పలుకుతుంది. ఆవిడ పక్కకి తిరిగి “వాడేడే?” అని అక్కని అడుగుతుంది. స్టీఫెన్ హాకింగ్ ఇంగ్లండువాడు, 1985లో మాట పోయాక యంత్రం ఇచ్చిన అమెరికా యాసనే తనదిగా చేసుకున్నాడు. మన అమ్మలకి అంత ఓపిక ఉండదు.

ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఇంగ్లీషు కోసం పుట్టినవే. ఐఫోన్‌లో 2023లో వచ్చిన పర్సనల్ వాయిస్ కూడా ఇంగ్లీషుతోనే మొదలైంది. అందుకని తెలుగుకి వేరే దారి పట్టాలి. మెసేజ్ బ్యాంకింగ్ అంటారు. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో జాన్ కాస్టెల్లో పెంచిన పద్ధతి. మనిషి సహజంగా అనే మాటల్ని ఉన్నదున్నట్టు రికార్డు చేసి, పరికరంలో బొత్తాల కింద పెడతారు. దీనికి భాష అడ్డు రాదు. “ఆ ఫ్యాను తగ్గించు”, “ఏమే, కాఫీ పెట్టావా”, “ఒరేయ్, ఎక్కడ చచ్చావురా”, “హమ్మయ్య”, దగ్గు, నవ్వు, మనవరాలి ముద్దుపేరు, అన్నీ. కాగితం మీద రాసిచ్చి చదివించకండి, ఉపన్యాసంలా తయారవుతుంది. పక్కన కూర్చుని కదిలించండి, తిట్టించండి. పొద్దున గొంతు అలసిపోకముందు పదిహేను నిమిషాలు చేసి ఆపేయండి. ఏసీ, ఫ్యాను కట్టేయండి. వేవ్ ఫైలుగా దాచండి. వాట్సాప్‌లో పంపితే శబ్దం నలిగిపోతుంది, దాన్నే అసలు కాపీ అనుకోవద్దు. ప్రతి ఫైలుకీ అందులోని మాటే పేరుగా పెట్టండి. లేకపోతే తర్వాత వందల్లో వెతుక్కోవాలి.

“ఖాయమయ్యాక చేద్దాంలే, ఇప్పుడే అపశకునమెందుకు” అంటారు పెద్దవాళ్లు. ఆగితే పోయేది గొంతే. పిల్లల సంబంధాలకి అడ్డొస్తుందని దాచేవాళ్లనూ చూశాను. పదిమందిలో తొమ్మిదిమందికి కుటుంబంలో ఈ జబ్బు చరిత్ర ఉండదు. అయినా ఊరందరికీ చెప్పనక్కర్లేదు, ఫోన్‌లో రికార్డు నొక్కితే చాలు.

మన తెలుగు బడిలో పద్యాలు కంఠతా పట్టిన పిల్లలున్నారు. సర్వీసు గంటల కోసం హైస్కూలు వాళ్లు ఎక్కడెక్కడికో వెళ్తున్నారు. ఇలాంటి ఇంట్లో తాతగారి పక్కన ఫోన్ పట్టుకుని కూర్చోమనండి. శ్రీకాకుళం యాసో, వరంగల్ యాసో సరిగ్గా వాళ్ల చెవిన పడేదీ అప్పుడే. కమిటీ ఒప్పుకుంటే నేర్పించడానికి నేను సిద్ధం. రేపు అనుమానం తప్పని తేలినా ఆ ఫైళ్లు చెరపకండి, మనవలు వింటారు.