నీలి నెత్తురు పీత – ఆస్పత్రి గొట్టం

ఒడిశాలో బాలాసోర్ దగ్గర చాందీపూర్ తీరం చూసినవారికి ఈ జీవి తెలిసే ఉంటుంది. గుర్రపు లాడంలాంటి పెంకు, వెనక బారుగా ముల్లుతోక. పీత అంటాం గానీ, దీనికి తేలు, సాలీడులతోనే దగ్గరి చుట్టరికం. నెత్తురు నీలం. మన రక్తంలో ఇనుము చేసే పనిని దాని రక్తంలో రాగి చేస్తుంది.

సముద్రపు నీరు సూక్ష్మజీవుల మయం. మనకున్న యాంటీబాడీలు ఈ పీతకు లేవు. మరి ఎలా బతుకుతోంది? 1988లో జపాన్ శాస్త్రజ్ఞులు తమ తీరపు లాడంపీత రక్తకణాల్లోంచి టాకీప్లెసిన్ అనే పెప్టైడ్‌ను వేరుచేశారు. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. బడిలో పిల్లలకైతే పూసలదండ అని చెబుతాను. ఇందులో పూసలు 17 మాత్రమే. రెండు గంధకపు బంధాలు దాన్ని జడపిన్నులా మడిచి ఉంచుతాయి.

ఈ దండకు ధనావేశం ఉంది. బాక్టీరియా పైపొరకు రుణావేశం. అందుకే వెళ్ళి అంటుకుని ఆ పొరను చిల్లులు పొడుస్తుంది. మన కణాల వెలుపలి పొరలో రుణావేశం తక్కువ కనుక వాటి జోలికి అంతగా పోదు. మోతాదు పెరిగితే మాత్రం మన ఎర్రకణాలనూ వదలదు. అసలు చిక్కు అక్కడే.

ఇక ఆస్పత్రి సంగతి. మూత్రపు గొట్టానికో, తుంటిలో వేసిన టైటానియం కీలుకో బాక్టీరియా అంటుకుంటే, జిగురుపొర కట్టుకుని లోపల కాపురం పెడుతుంది. మందు ఆ పొర దాటి సరిగా పనిచేయదు. చివరికి అమర్చిన కీలునే తీసేయవలసి రావచ్చు. అందుకని అసలు అంటుకోకుండానే చూడాలని, ఇలాంటి పెప్టైడ్‌లను ఆ వస్తువు ఉపరితలానికే చిన్న రసాయనపు దారంతో కట్టే ప్రయత్నాలు సాగుతున్నాయి. దారం మరీ పొట్టిదైతే పెప్టైడ్ కదలలేదు. రక్తంలోని ప్రొటీన్లు పైన కప్పేస్తాయి, ఎంజైములు కోసేస్తాయి. అందుకే ఒకటి రెండు పూసలు మార్చి చూస్తున్నారు. ఖర్చూ తక్కువ కాదు. ఈ పని ఇప్పటికి ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది.

దీనికోసం పీతలను చంపాలా అని అడగవచ్చు. అక్కరలేదు. పూసల వరుస తెలిసింది కనుక రసాయనశాలలోనే అల్లుకోవచ్చు. మన దేశంలో లాడంపీతకు చట్టరక్షణ ఉంది. వలలో పడితే నీటిలో వదిలేయండి.

అంతవరకు, ఇంట్లో మూత్రపు గొట్టం వేసిన పెద్దలుంటే, ముట్టుకునే ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడగండి. సంచిని ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందుగానే, నేలకు తగలకుండా వేలాడదీయండి.