బిళ్ళ మీద త్యాగయ్య ఉన్నాడు, ఇల్లేది?

కవరు ముక్కను గోరువెచ్చని నీళ్లలో వేస్తే కాసేపటికి జిగురు కరిగి స్టాంపు దానంతటదే జారి పైకి తేలుతుంది. తొందరపడి గీకితే చిరుగుతుంది. మొన్న గద్వాలలో ఓ పాత ఉత్తరాల కట్ట విప్పి అలా నానబెడుతుంటే 15 నయాపైసల త్యాగయ్య బయటికొచ్చాడు. 1961 జనవరి 6న, ఆయన పోయిన తారీఖునే, తపాలా శాఖ విడుదల చేసిన బిళ్ళ. అంచున ఒక పన్ను విరిగింది, పోస్టాఫీసు నల్లముద్ర అడ్డంగా పడింది. మనిషైతే ఉన్నాడు. ఆయన ఇల్లు మాత్రం లేదు.

ఇల్లు దేనికంటారా? త్యాగయ్య కథలో సగం ఇంటి కథే. 1767లో పుట్టింది తిరువారూరులో అయినా, బతుకంతా గడిచింది తిరువయ్యారు తిరుమంజన వీధిలోని ఇంట్లో. పొద్దున్నే ఉంఛవృత్తికి పాడుకుంటూ బయల్దేరి, పిడికెడు బియ్యంతో తిరిగొచ్చింది ఆ గడపకే. శిష్యులు కూర్చుని పాఠం నేర్చుకున్నదీ అక్కడే. అన్నదమ్ముల వాటాలకి ఆ ఇల్లే రెండు ముక్కలైంది. అన్న కోపంతో పూజా విగ్రహాలను కావేరిలో పడేశాడని, తమ్ముడు వెతికి తెచ్చుకున్నాడని చెప్పుకుంటారు. రాజుగారి కొలువు పిలిచినా దాటని గడప అది. అలాంటి ఇల్లు పాత రూపంలో ఇప్పుడు లేదు, ఆ చోట కొత్త కట్టడం లేచింది. సమాధికేమో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ దొరికింది. 1920ల్లో తన సొమ్ము ఖర్చుపెట్టి గుడి కట్టించింది. ఇంటికి అలాంటి నాగరత్నమ్మ దొరకలేదు.

మన పాలమూరు జిల్లాలకి ఈయనతో ఏం పని అనుకోకండి. ఇంటిపేరు కాకర్ల. ఆ ఊరు ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, నల్లమలకు తూర్పున ఉంది. ఆయన పెద్దలు అక్కణ్నుంచే దక్షిణానికి వలసపోయారు. అచ్చంపేట, అమ్రాబాద్ వాళ్లు కొండకి ఇటు, కాకర్ల అటు. లెక్కకి నాగర్‌కర్నూలు జిల్లాకు త్యాగయ్య పక్కింటి పిల్లాడే, మధ్యలో అడవి అడ్డముందంతే.

ఇల్లు నిలుపుకోవడంలో పోలండ్ వాళ్లనే చూడండి. సంగీతకారుడు షోపెన్ 1810లో జెలజోవా వోలా అనే పల్లెలో పుట్టాడు. జమీందారు బంగళా పక్కనున్న చిన్న ఇల్లది. తండ్రి ఆ జమీందారు పిల్లలకి పంతులు. పిల్లాడు నెలల వయసులో ఉండగానే కుటుంబం వార్సాకి మారిపోయింది. అయినా ఆ ఇంటిని కాపాడుకున్నారు, స్టాంపుల మీదికీ ఎక్కించారు. కొన్ని నెలల ఇంటికి అంత మర్యాద!

అలాగని విదేశాలన్నీ ఒడుపుగా చేస్తాయని కాదు. 1956లో తూర్పు జర్మనీ సంగీతకారుడు షూమన్ పేరున బిళ్ళ వేసి, బొమ్మ వెనక మరో సంగీతకారుడు షూబర్ట్ స్వరాలు అచ్చుకొట్టింది. సంగీతం తెలిసినవాళ్లు పట్టేశారు. కొన్ని నెలల్లో సరైన స్వరాలతో మళ్లీ వేయాల్సొచ్చింది. ఒకరి మొహం కింద ఇంకొకరి పాట! ఇల్లు వేసుంటే ఈ గొడవే ఉండేది కాదు.

కట్టడాల్ని బిళ్ళ మీదికెక్కించడం మనకి కొత్తేం కాదు. సొంత స్టాంపులు 1869 నుంచే వాడిన హైదరాబాద్ రాజ్యం 1931లో అణాకి చార్మినార్, రెండణాలకి హైకోర్టు, నాలుగణాలకి ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలకి అజంతా గుహల ద్వారం వేసింది. 1937లో ఉస్మానియా ఆస్పత్రి, యూనివర్సిటీ వచ్చాయి. రాజధాని వాళ్ల కళ్లకి ఎక్కువగా రాజధానే ఆనింది. గద్వాల కోట, వనపర్తి ప్యాలెస్ ఆ రెండు వరసల్లోనూ లేవు. గద్వాలేమో విద్వద్గద్వాల అని పేరు మోసిన చోటు. తిరుపతి వేంకట కవులు గద్వాలలోనూ వనపర్తిలోనూ అవధానాలు చేసి వెళ్లారు. ఇప్పుడు కోటలో చెన్నకేశవుడి గుడి పక్కన కాలేజీ కుర్రాళ్లు బైకులు ఆపుకుంటారు. వనపర్తి ప్యాలెస్ పాలిటెక్నిక్ అయింది. నాకిది నచ్చుతుంది. పిల్లలు తిరిగే కట్టడానికి తలుపులు తెరుచుకుంటూ ఉంటాయి, గబ్బిలాలకి అప్పజెప్పిన దానికంటే నయం.

అసలు చిక్కు పెద్దిళ్లతో కాదు, పాట కట్టేవాళ్ల చిన్నిళ్లతో. 'వల్లంకి తాళం'కి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గోరటి వెంకన్నది నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం. పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న మొగులయ్యదీ ఈ జిల్లానే. పాలమూరు భజన మండళ్లు పాడుకునే మన్యంకొండ హనుమద్దాసు కీర్తనలూ ఏదో అరుగు మీద పుట్టినవే కదా. అరుగులు పోతున్నాయి. రోడ్డు వెడల్పుకి ముందు పోయేవి అవే.

బతికున్నవాళ్ల పేరున స్మారక స్టాంపు మామూలుగా వేయరు. వెంకన్న లాంటివాళ్ల స్టాంపుకి ఇంకా టైముంది, తొందర లేదు కూడా. ఇంటికి ఆ అడ్డు లేదు. ఊరి విశేషాల మీద తపాలా శాఖ ప్రత్యేక కవర్లు, బొమ్మల ముద్రలు వేస్తుంది. 2011 నుంచి మై స్టాంప్ పథకమూ ఉంది. ఏది కావాలన్నా ముందు మంచి ఫొటో కావాలి. మీ ఊళ్లో పాట కట్టినవాళ్ల ఇల్లు నిలబడి ఉంటే ఈ ఆదివారమే వెళ్లండి. అరుగు, గడప, దూలం, దీపపు గూడు కనిపించేలా తీయండి. వెనక తేదీ, ఊరు పేరు రాయడం మర్చిపోకండి.