నియాసిన్ : పళ్ళెములోని మందు, సీసాలోని మందు

అన్నము, చేపల పులుసు, వేరుశనగ పచ్చడి – ఇవి మన నెల్లూరు తీరమున నిత్యభోజనములు. వీనిలో దాగియున్న నియాసిన్ అను విటమినును గూర్చియు, బలము కొరకని మందుల దుకాణములలో కొనెడి మాత్రలను గూర్చియు విద్యార్థి సోదరులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

నియాసిన్ బి విటమినుల వర్గములోనిది. దీనికే నికోటినిక్ ఆమ్లమని పేరు. రసాయన శాస్త్రజ్ఞులు తొలుత దీనిని పొగాకులోని నికోటిన్ నుండి తయారుచేసిరి. ఆ పేరు విని జనులు పొగాకు విషమని భ్రమపడకుండుటకై నియాసిన్ అను క్రొత్త పేరు పెట్టిరి. తిన్న ఆహారమును శక్తిగా మార్చుకొనుటకు శరీరములోని ప్రతి కణమునకును ఇది అవసరము.

ఇది లోపించినచో పెల్లాగ్రా అను వ్యాధి కలుగును. ఎండ తగులు చేతులపైనను, పాదములపైనను, హారము వేసినట్లు మెడ చుట్టును చర్మము నల్లబడి పగులును. విరేచనములగును. తుదకు మతి చలించును. అట్టివానికి గాలి సోకినదని తలచి వైద్యుని వద్దకు తీసికొనిపోకున్నచో ప్రాణమునకే ముప్పు. 1937లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎల్వెజెమ్, కుక్కలలో ఇట్టి వ్యాధియగు నల్లనాలుకను నికోటినిక్ ఆమ్లముతో నయము చేసెను. అచిరకాలముననే అది మనుష్యులకును మందైనది.

పెల్లాగ్రా మొక్కజొన్న తినువారి వ్యాధియని లోకము తలచుచుండెను. కాని దక్కను పీఠభూమిలో జొన్నపై బ్రతుకు పేదలలోను అది కనబడెను. జొన్నలో ల్యూసిన్ అధికముగా నుండుట ఇందులకు కారణమని 1960లో హైదరాబాదు పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా ప్రతిపాదించిరి. ఆ వాదము తరువాత చర్చకు లోనైనను, ఒకే ధాన్యముతో కడుపు నింపుకొను పేదరికమే వ్యాధికి మూలమను సత్యము నిలిచినది.

పెద్దలకు శ్రమను బట్టి దినమునకు సుమారు 11 మొదలు 23 మిల్లీగ్రాముల నియాసిన్ చాలును. నూరు గ్రాముల వేరుశనగ పప్పులో సుమారు 12 మిల్లీగ్రాములు కలదు. చేపలు, మాంసము, గ్రుడ్లు దీనికి తోడ్పడును. బియ్యమును తెల్లగా మరపట్టించినచో చాలభాగము తవుడుతో పోవును. ఉప్పుడు బియ్యములో అంతకంటె అధికముగా నిలుచును. ఇది వంట వేడికి చెడదు గాని, వార్చిన గంజితో కొంత పోవును.

మరి మాత్రలెవరికి? పెల్లాగ్రా రోగులకు, త్రాగుడుచే కృశించినవారికి, క్షయకు ఐసోనియాజిడ్ వాడుచు లోపలక్షణములు కనబడినవారికి వైద్యుడు వ్రాసియిచ్చును. స్వయముగా వాడుట క్షేమము కాదు. 30 మొదలు 50 మిల్లీగ్రాములకే కొందరికి ముఖము ఎఱ్ఱబడి మంటలెత్తును. గ్రాముల కొలది మ్రింగినచో కాలేయము చెడవచ్చును, రక్తములో చక్కెరయు, యూరిక్ ఆమ్లమును పెరుగవచ్చును. కొలెస్టరాల్ తగ్గుటకు దీనిని 1955 తరువాత విరివిగా వాడిరి. అయితే స్టాటిన్ మందులకు దీనిని జోడించుట వలన గుండెపోటులు అదనముగా తగ్గలేదని 2011, 2014లలో వెలువడిన రెండు పెద్ద పరీక్షలు తేల్చినవి.

‘పర్హేజ్ ఇలాజ్ సే బెహతర్ హై’ అని మన ఉర్దూ సోదరులు చెప్పు మాట ఇచట అక్షరసత్యము. విద్యార్థులు బలమును సీసాలలో వెదకకుందురు గాక. కళాశాల సంఘమువారు వసతిగృహమున సాయంకాలము గుప్పెడు ఉడికించిన వేరుశనగలు ఏర్పాటు చేసినచో, అది ఏ మాత్రకును తీసిపోదని మా వినయపూర్వక విన్నపము.